మధ్యలో దుబాసీ పిల్లవాడే: ఒడిశా సరిహద్దు బడుల్లో మత్తు సమస్య

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న గుణుపురం చుట్టుపక్కల హైస్కూళ్ళలో తల్లిదండ్రుల సమావేశం జరిగే రోజు తరచు ఇలాగే ఉంటుంది. బల్లకి అటు మాస్టారు. కటక్ వైపు నుంచో బాలాసోర్ వైపు నుంచో బదిలీ మీద వచ్చిన మనిషి, తెలుగు రాదు. బల్లకి ఇటు తల్లి. ఇల్లు, పొలం, సంత అన్నీ తెలుగుతోనే గడిచిపోతాయి ఆమెకి. ఒడియా వింటే కొంత తెలుస్తుంది గానీ మాస్టారి ముందు నోరు పెగలదు. ఇద్దరి మధ్య తొమ్మిదో తరగతి కుర్రాడు నిలబడి ఉంటాడు. మాస్టారు రెండు నిమిషాలు మాట్లాడతారు. కుర్రాడు దాన్ని తల్లికి రెండు ముక్కల్లో తేలుస్తాడు: "బాగానే చదువుతున్నానంట. లెక్కలు చూసుకోమన్నారు." ఈ నెలలో పదకొండు రోజులు బడికి రాలేదన్న మాట ఆ బల్ల మీదే మిగిలిపోతుంది. తల్లి దండం పెట్టి లేస్తుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గీసిన గీత పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగువాళ్ళని ఒడిశా వైపు ఉంచింది. తొంభై ఏళ్ళలో వాళ్ళు రెండు భాషల మధ్య బతకడం బాగానే నేర్చుకున్నారు. పిల్లలు మరీ బాగా నేర్చుకున్నారు. బ్యాంకులో, ఆస్పత్రిలో, రేషన్ దుకాణంలో ఇంటికి నోరు వాళ్ళే. మామూలు రోజుల్లో అది ముచ్చటగానే ఉంటుంది. పిల్లవాడు తప్పుదారి పట్టిన రోజున మాత్రం, అతని గురించి పెద్దవాళ్ళిద్దరూ మాట్లాడుకోవాల్సిన ఒకే ఒక దారి అతని చేతిలోనే ఉంటుంది. సరిహద్దు జిల్లాల్లో పిల్లల మత్తు గురించి మాట్లాడేవాళ్ళు గంజాయి తోటలతో మొదలుపెడతారు, పోలీసు దాడులతో ముగిస్తారు. ఈ బల్ల సంగతి ఎవరికీ పట్టదు.

గంజాయి సంగతి అబద్ధమని కాదు. మల్కన్‌గిరి, కోరాపుట్, గజపతి, రాయగడ కొండల్లో సాగు ఉంది, దాడులూ ఏటా జరుగుతూనే ఉన్నాయి. చిత్రకొండ దగ్గర బలిమెల జలాశయం వెనక చిక్కుకుపోయిన ఊళ్ళకి 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా పడవే గతి. అలాంటి చోట పెద్ద నిఘా ఎలా ఉంటుంది? 2021 చివర్లో విశాఖ మన్యంలో ఆంధ్ర పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికించాక, వ్యాపారం చూపు సరిహద్దుకి ఒడిశా వైపున్న కొండల మీద మరింత పడింది. కోరాపుట్, జయపురం మీదుగా పోయే రైలు మార్గం, రాయగడ జంక్షన్, బరంపురం మీదుగా పోయే హౌరా–చెన్నై లైను, ఇవన్నీ సరుకు కిందికి దిగే దారులు. ఆ దారుల పక్కనే బడులున్నాయి.

కానీ బడి వయసు పిల్లల చేతికి ముందుగా వచ్చేది గంజాయి కాదు. ముందు ఖైనీ. దానికంటే ముందు, చాలా ఇళ్ళలో, గుడాఖు. పొగాకు, బెల్లం కలిపిన ఈ ముద్దని పొద్దున్నే పళ్ళకి రుద్దుకోవడం ఒడిశా పల్లెల్లో పాత అలవాటు. నాయనమ్మ రుద్దుకుంటుంది, పక్కన కూర్చున్న మనవరాలు వేలితో కొంచెం తీసుకుంటుంది. దాన్ని ఎవరూ మత్తు అనుకోరు. అందులో ఉన్నది నికోటినే అని, ఉదయం అది పడకపోతే తలనొప్పి రావడమే వ్యసనానికి గుర్తని చెబితే ముసలావిడ నవ్వుతుంది. ఇంటి పెద్దలు "పోయి బీడీ కట్ట పట్రా" అని పిల్లల్ని దుకాణానికి పంపడమూ ఇంతే. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళకి పొగాకు అమ్మకూడదు, వాళ్ళ చేత అమ్మించకూడదు. విద్యాసంస్థకి 100 గజాల లోపల అసలు అమ్మకూడదు. దుకాణదారు దృష్టిలో మాత్రం బీడీ కట్ట కొన్నది పిల్లవాడు కాదు, వాళ్ళ నాన్న. చట్టం ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

పట్టణాల్లో మత్తు ముఖం వేరు. బరంపురం, రాయగడ లాంటి చోట్ల దగ్గు సిరప్పులు, నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు. కోడీన్ ఉన్న సిరప్పులు, అల్ప్రజోలం, ట్రమడాల్ లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు. అంటే డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఎవరికి ఇచ్చారో దుకాణంలో రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు ఉందా అని మందుల షాపులో అడిగే తండ్రి అరుదు. అడిగితే తప్పేమీ లేదు. నాలుగు ఊళ్ళ వాళ్ళు అడగడం మొదలుపెడితే షాపువాడే జాగ్రత్తపడతాడు.

వీటన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది జిగురు. చెప్పులు అతికించేది, సైకిల్ పంచర్ షాపులో వాడే సొల్యూషన్, వైట్‌నర్, పెయింట్ థిన్నర్. గుడ్డకి పూసి, లేదా ప్లాస్టిక్ కవర్లో పోసి పీలుస్తారు. చవక, ఏ కొట్లోనైనా దొరుకుతుంది, మత్తుమందుల చట్టం కిందకి రాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ వ్యసన చికిత్సా కేంద్రం దేశమంతా తిరిగి చేసిన సర్వే 2019లో బయటికి వచ్చింది. అన్ని మత్తుల్లోనూ పెద్దవాళ్ళ కంటే పిల్లల్లో వాడకం ఎక్కువ ఉన్నది ఈ పీల్చే రకం ఒక్కదానికే అని తేలింది. దేశంలో సుమారు 4.6 లక్షల మంది పిల్లలకి దీనివల్ల సాయం అవసరమయ్యే స్థితి ఉందని ఆ సర్వే లెక్క. గంజాయి మీద పెట్టిన కన్నులో సగం పంచర్ షాపు మీద పెడితే బాగుండు అనిపిస్తుంది ఆ లెక్క చూస్తే.

జిగురు విషయంలో ప్రాణానికి సంబంధించిన సంగతి ఒకటుంది. పీల్చిన ఆవిరి గుండె కొట్టుకునే తీరుని దెబ్బతీస్తుంది. ఆ సమయంలో ఒక్కసారిగా భయపడినా, పరిగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. మొదటిసారి పీల్చినవాడికైనా ఇది జరగవచ్చు. అందుకే బడి వెనక, రైలు పట్టాల పక్కన పిల్లలు కవరు పట్టుకుని కనబడితే కర్ర పట్టుకుని తరమకూడదు. అరవకూడదు. మెల్లగా దగ్గరికి వెళ్ళి, కవరు పక్కకి తీసి, గాలి తగిలే చోట కూర్చోబెట్టి, పక్కనే ఉండాలి. ఒళ్ళు తెలియకుండా ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. కోపం రేపటికి దాచుకోవచ్చు.

కొండ జిల్లాల్లో పిల్లలకి రెండో ప్రమాదం ఉంది. మిగతా చోట్ల తయారైన అవగాహన పుస్తకాల్లో దీని ఊసు కనబడడం తక్కువ. ఇక్కడ గంజాయి వ్యాపారానికి వినియోగదారుడి కంటే మోసేవాడు ఎక్కువ అవసరం. బడి సంచీ, బడి యూనిఫారం ఉన్న పిల్లవాడి మీద అనుమానం తక్కువ. "ఈ బ్యాగు రైల్లో పెట్టి విజయనగరంలో దిగు, అక్కడ మనిషి తీసుకుంటాడు." చెప్పే పని ఇంతే. ఇచ్చే డబ్బు పొలం కూలితో పోలిస్తే చాలా పెద్దది. పిల్లవాడు పొగ పీల్చి ఉండకపోవచ్చు, కళ్ళు ఎర్రబడవు, వాసన రాదు, మార్కులు కూడా తగ్గకపోవచ్చు. కొత్త ఫోను మాత్రం వస్తుంది. ఎవరిచ్చారంటే "ఫ్రెండుది" అంటాడు. మత్తు లక్షణాల పట్టిక గోడకి అంటించుకున్న మాస్టారు కూడా దీన్ని పట్టుకోలేడు.

చట్టం ఇక్కడ ఎంత కఠినంగా ఉందో ఇంటివాళ్ళకి తెలియాలి. 1985 నాటి మత్తుమందుల చట్టంలో గంజాయి ఒక కిలో లోపు ఉంటే చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. వాణిజ్య మొత్తానికి కనీస శిక్ష పదేళ్ళు, ఇరవై ఏళ్ళ దాకా పోవచ్చు, పైన లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. "బ్యాగులో ఏముందో నాకు తెలియదు" అంటే సరిపోదు. తెలియదని రుజువు చేసుకోవలసిన భారం నిందితుడి మీదే పెడుతుంది ఆ చట్టం. 18 నిండని పిల్లల కేసు బాలల న్యాయ మండలికి వెళ్తుంది, పెద్దవాళ్ళ జైలుకి పంపరు. అయితే 16 దాటినవాడి మీద కనీసం ఏడేళ్ళ శిక్ష పడే నేరం వస్తే, అతన్ని పెద్దవాడిలా విచారించాలా అన్నది మండలి పరిశీలించవచ్చు. ఇరవై కిలోల పైబడిన సంచీ సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. సంచీ ఇచ్చినవాడికి ఇవన్నీ తెలుసు, పిల్లవాడికి తెలియదు. 2015 బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ ప్రకారం పిల్లల చేత మత్తు సరుకు అమ్మించినా, మోయించినా ఏడేళ్ళ దాకా శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. 77వ సెక్షన్ పిల్లలకి మత్తు, సారా, పొగాకు ఇచ్చినవాళ్ళకి అంతే శిక్ష చెబుతుంది. ఊరి సమావేశంలో పిల్లల్ని బెదిరించడానికి చట్టం చదివేవాళ్ళు ఈ రెండు సెక్షన్లూ పెద్దవాళ్ళకి చదివి వినిపిస్తే బాగుంటుంది.

బెదిరింపు గురించి వచ్చింది కాబట్టి జూన్ 26 సంగతీ చెప్పుకోవాలి. మత్తు వ్యతిరేక దినం. ర్యాలీ, ప్లకార్డులు, ప్రతిజ్ఞ, ఒక పోలీసు అధికారి ఉపన్యాసం, పుర్రె బొమ్మ, ఫొటో. ఖర్చు తక్కువ, రికార్డు సులువు. పని మాత్రం జరగదు. ఇది కోపంతో అంటున్న మాట కాదు. ఐక్యరాజ్యసమితి మత్తు, నేర నిరోధక విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో నివారణ ప్రమాణాల రెండో కూర్పు వేశాయి. భయపెట్టే ఉపన్యాసాలు, ఒకే రోజు కార్యక్రమాలు, పోలీసుల చేత పాఠాలు చెప్పించడం, మానేసిన వ్యసనపరులని తెచ్చి కథలు చెప్పించడం, ఇవన్నీ ఫలితం లేనివో ఎదురు తిరిగేవో అని అందులో ఉంది. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలిస్ పోలీసులు మొదలుపెట్టిన, పోలీసులే బడికొచ్చి మత్తు గురించి పాఠాలు చెప్పే డేర్ కార్యక్రమం దేశమంతా పాకింది, డబ్బు కుమ్మరించారు. తర్వాత పరిశోధకులు లెక్క తీస్తే పిల్లల మత్తు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఎందుకు పనిచేయదో ఊహించడం కష్టమేం కాదు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి "ఒక్కసారి తాగితే చచ్చిపోతావు" అని చెప్పారు. అతని వీధిలో పదేళ్ళుగా తాగుతున్న మనిషి పొద్దున్నే లేచి టీ కొట్టు తెరుస్తున్నాడు. పిల్లవాడు చూసింది నమ్ముతాడు, చెప్పింది వదిలేస్తాడు, చెప్పినవాణ్ణి కూడా వదిలేస్తాడు. తర్వాత మాస్టారు నిజం చెప్పినా చెవికెక్కదు. పైగా "ఈ కాలం పిల్లలందరూ చెడిపోతున్నారు" అని మైకులో పదే పదే వింటే అందరూ చేస్తున్నారు కాబోలు, నేనే వెనకబడ్డాను అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి ఏ తరగతిలోనైనా ముట్టనివాళ్ళే ఎక్కువ. ఆ మాట వాళ్ళకి తెలిసేలా చేయడం ఉపన్యాసం కంటే ఎక్కువ పని చేస్తుందని నివారణ పరిశోధన చెబుతుంది.

పిల్లలకి నిజం చెప్పవచ్చు, వాళ్ళు తట్టుకుంటారు. మెదడులో ఆలోచించి ఆగే భాగం ఇరవైల మధ్య దాకా తయారవుతూనే ఉంటుంది. అందుకే పదహారేళ్ళ మెదడుకి, నలభై ఏళ్ళ మెదడుకి ఒకే పొగ ఒకేలా తగలదు. గంజాయి వాడిన పెద్దల్లో సుమారు పదిమందిలో ఒకరు దానికి బానిస అయితే, కుర్రతనంలో మొదలుపెట్టినవాళ్ళలో ఆరుగురిలో ఒకరు అవుతారని పరిశోధకుల అంచనా. లేని గొంతులు వినబడడం, ఎవరో వెంటాడుతున్నట్టు అనిపించడం లాంటి మానసిక జబ్బుల ముప్పు కూడా తొందరగా మొదలుపెట్టినవాళ్ళకే ఎక్కువ. టీ కొట్టువాడి ఉదాహరణకి ఇదే జవాబు: ఆయన మొదలుపెట్టిన వయసు వేరు కావచ్చు, లేదంటే ఆరుగురిలో మిగతా ఐదుగురిలో ఆయన ఒకరు కావచ్చు. ఆరోవాడు టీ కొట్టు దగ్గర కనబడడు.

దీనికంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇంకొకటి పిల్లల దగ్గర ఉంది. గంజాం, గజపతి వైపు తెలుగిళ్ళలో త్రినాథ వ్రతం ఉంది, ఒడియావాళ్ళు త్రినాథ మేళా అంటారు. ఆ పూజలో స్వామికి పెట్టేవాటిలో గంజాయి ఒకటి. శివరాత్రికి భంగు సరే సరి. కోరాపుట్ కొండల్లో చైత్రమాసపు పండగ చైత పర్వానికి జీలుగు కల్లు, ఇప్పసారా లేని ఇల్లుండదు. "దేవుడికి పెట్టేది, తాత తాగేది నాకు తప్పెలా అయింది?" అని పిల్లవాడు అడిగితే "నోర్ముయ్" అనడం జవాబు కాదు. 2023లో ఒడిశా ప్రభుత్వం శివాలయాల్లో గంజాయి వాడకం ఆపాలని చెప్పినప్పుడు వచ్చిన వాదోపవాదాలు చూస్తే పెద్దవాళ్ళకే దీని మీద ఒక మాట లేదని తెలుస్తుంది. ఆచారాన్ని తిట్టనక్కర్లేదు, తిడితే ఇంటి పెద్దలు దూరమవుతారు. ఆచారానికి ఒక రోజు ఉంది, చోటు ఉంది, వయసు ఉంది అని చెప్పవచ్చు. ఒడిశాలో మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండాలని చట్టమే అంటుంది. పండక్కి పిల్లవాడి దొప్పలో కల్లు పోసే మేనమామని ఆపడం మాత్రం తల్లి చేయగలదు, చేయాలి కూడా.

బడిలో పనిచేసేది ఏమిటంటే, నెలల తరబడి చిన్న చిన్న పాఠాలు. పిల్లలే మాట్లాడేవి. స్నేహితుడు ఇచ్చినప్పుడు పరువు పోకుండా వద్దనడం ఎలా, కోపం వచ్చినప్పుడు, పరీక్ష టెన్షన్‌లో ఏం చేయాలి, ఇలాంటివి నాటకంలా ఆడించి చేయించేవి. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడికి ఇద్దరు టీచర్లని ఆరోగ్య దూతలుగా తయారు చేయాలని ఉంది. అందులోని పదకొండు అంశాల్లో మత్తు నివారణ ఒకటి. సాంఘిక న్యాయ శాఖ నవచేతన పేరుతో టీచర్లకి పాఠాలు తయారు చేసింది. బాలల హక్కుల కమిషన్, నార్కోటిక్స్ బ్యూరో కలిసి 2021లో వేసిన ప్రణాళికలో ప్రతి బడిలో పిల్లలతో ప్రహరీ (అంటే కాపలాదారు) క్లబ్బు పెట్టమన్నారు. కాగితం మీద లోటు లేదు. సుప్రీంకోర్టు 2016 డిసెంబరులోనే పాఠ్యాంశాల్లో ఇది ఉండాలని చెప్పింది. బోర్డు మీద చాక్‌తో క్లబ్బు పేరు రాసిన బడికీ, ఆ ఇద్దరు టీచర్లకి నిజంగా వారానికి ఒక పీరియడు ఇచ్చిన బడికీ మధ్య ఉన్న తేడాని మాత్రం ఏ సర్క్యులరూ పూడ్చలేదు. ప్రహరీ క్లబ్బులో ఇంకో చిక్కు ఉంది. తోటి పిల్లల మీద చాడీలు చెప్పే గూఢచారి దళంగా మారితే క్లబ్బు ఉన్నా లేకపోయినా ఒకటే, లేకపోతేనే మేలు.

టీచరు దగ్గర ఇప్పటికే ఉన్న మంచి సాధనం హాజరు పట్టీ. మత్తు వాసన కంటే ముందు హాజరులో తేడా వస్తుంది. అదీ ఒక వరసలో వస్తుంది: సంత రోజు మధ్యాహ్నం నుంచి లేకపోవడం, సోమవారాలు రాకపోవడం, ఒకే నలుగురు ఒకే రోజు మాయం కావడం. ఒడిశాలో తొమ్మిదో తరగతి పిల్లలకి సర్కారు సైకిళ్ళు ఇస్తుంది. మంచి పథకం, ఎందరో ఆడపిల్లలు దానివల్లే చదువు నిలబెట్టుకున్నారు. దాంతోపాటు ఊరి బడి నుంచి పట్నం హైస్కూలుకి మారిన పిల్లవాడు మొదటిసారి రోజూ ఏడెనిమిది కిలోమీటర్లు ఎవరి కంటా పడకుండా ప్రయాణిస్తాడు. ఎక్కడ చూసినా, బడి మారే ఏడాదే జారిపోయే ఏడాది. ఆ తర్వాతిది మెట్రిక్ తప్పిన వేసవి. ఆ పిల్లలు బడి పట్టీలోంచి పోతారు, కూలి పట్టీలోకి ఇంకా రారు. ఖాళీగా ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ వచ్చేది సంచీ ఇచ్చేవాడే.

అనుమానం వచ్చినప్పుడు తొందరపడడం కూడా ప్రమాదమే, ఈ జిల్లాల్లో మరీ. మగతగా ఉండడం, బరువు తగ్గడం, పచ్చబడిన కళ్ళు, ఏ పనిమీదా మనసు లేకపోవడం, ఇవి మలేరియాలో వస్తాయి, రక్తహీనతలో వస్తాయి, కోరాపుట్ ప్రాంతంలో ఎక్కువగా ఉన్న సికిల్ సెల్ జబ్బులోనూ వస్తాయి. మలేరియాని వెతికి పట్టుకోవడానికి 2017 నుంచి దమన్ శిబిరాలు నడిపిన రాష్ట్రం ఇది. ఒంట్లో బాగాలేని పిల్లవాణ్ణి గంజాయి తాగుబోతని పదిమందిలో అన్నామంటే ఆ మచ్చ ఊరు మరిచిపోదు. ముందు ఆశా కార్యకర్తకి చెప్పి రక్తపరీక్ష చేయించడం మంచిది. నోటి చుట్టూ, ముక్కు కింద పొక్కులు, బట్టలకి థిన్నర్ వాసన, జేబులో జిగురు అంటిన గుడ్డ కనబడితే మాత్రం రక్తపరీక్ష కోసం ఆగనక్కర్లేదు.

ఇక ఇల్లు. గంజాం జిల్లాలో ఎన్నో ఇళ్ళలో తండ్రి ఉండేది సూరత్‌లో, మరమగ్గాల దగ్గర. రాయగడ, కోరాపుట్ నుంచి హైదరాబాద్, చెన్నై. పిల్లల్ని చూసుకునేది తల్లి, లేదా తాతా అమ్మమ్మలు. తండ్రి ఫోను చేస్తాడు, "చదువుకుంటున్నావా?" అంటాడు, "ఆఁ" అంటాడు కొడుకు. అంతటితో తండ్రి బాధ్యత తీరిపోతుంది. ఆ ప్రశ్నకి ఎప్పుడూ అదే జవాబు వస్తుంది. "ఇవాళ ఎవరితో కలిసి బడి నుంచి వచ్చావు? దారిలో ఎక్కడ ఆగారు?" అనేది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే పిల్లవాడు ఒక కథ చెప్పాలి. కథల్లో పేర్లుంటాయి. మూడు నెలల్లో పేర్లు మారితే సూరత్‌లో ఉన్న తండ్రికైనా తెలుస్తుంది. ఎవరితో, ఎక్కడ, ఎంతసేపు అన్నది పెద్దలకి తెలిసి ఉండడం మత్తుకి పిల్లల్ని దూరంగా ఉంచే బలమైన అంశాల్లో ఒకటని ఎన్నో దేశాల అధ్యయనాలు చెప్పాయి. జేబులు వెతకడం, ఫోను లాక్కుని చూడడం దీనికి బదులు కావు. వెతికితే దొరికేది ఒకసారే, ఆ తర్వాత దాచడం నేర్చుకుంటాడు.

తాత దగ్గర పెరిగే పిల్లల విషయంలో పెద్దవాళ్ళు ఒక నిజం ఒప్పుకోవాలి. మనవడు ఏం కొన్నాడో, ఎంత కొన్నాడో చూడగలిగే చూపు తాతకి లేదు. సూరత్ నుంచి వచ్చే డబ్బు పిల్లవాడి ఖాతాలోనో అతని ఫోనులోనో పడుతుంటే, ఇంటి యజమాని అతనే అయినట్టు. ఆ డబ్బు తల్లి పేరు మీదకి మార్చడం చిన్న పనే.

తండ్రే తాగుతుంటే? ఈ ప్రశ్న దాటేసి తల్లిదండ్రులకి బోధ చేసే వ్యాసాలు చాలా ఉన్నాయి. తాగే తండ్రి కొడుక్కి నీతి చెప్పలేడని కాదు. "నేను మానలేకపోతున్నాను, ఆస్పత్రికి వెళ్తున్నాను" అన్న తండ్రి మాటకి ఉన్న బరువు ఏ టీచరు మాటకీ లేదు. మానలేని తండ్రి కనీసం పిల్లవాడి చేత తెప్పించకుండా ఉండగలడు.

పట్టుబడిన రోజు ఏం చేస్తారన్నది మిగతా అన్నిటికంటే ఎక్కువ తేలుస్తుంది. బడి మామూలుగా చేసేది టీసీ ఇచ్చి పంపడం. బడి పేరు నిలబడుతుంది, పిల్లవాడు పూర్తిగా రోడ్డు మీద పడతాడు. సంచీవాడికి ఇంతకంటే ఏం కావాలి? చిన్న మొత్తంతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకి వెళ్తే, విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ ఆ కఠినమైన మత్తుమందుల చట్టంలోనే ఉంది. చట్టమే అంత వెసులుబాటు ఇచ్చినప్పుడు బడికి అంతకంటే కాఠిన్యం దేనికి? బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల, కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉన్నాయి. జిల్లా ఆస్పత్రుల్లో మానసిక ఆరోగ్య విభాగాలున్నాయి. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోలేనప్పుడు టెలీమానస్ 14416, అక్కడ భాష ఎంచుకునే వీలుంది. పిల్లవాడి చేత ఎవరైనా మోయిస్తున్నారంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098, లేదా నార్కోటిక్స్ బ్యూరో నడిపే 1933. ఈ నంబర్లు బడి గోడ మీద ఒడియాలో రాసి ఉంటే చాలదు. తెలుగులోనూ ఉండాలి, ఎందుకంటే ఫోను చేయవలసిన మనిషి తల్లి.

మళ్ళీ ఆ బల్ల దగ్గరికే వస్తున్నాం. ఎంత మంచి పాఠమైనా, ఎంత జాగ్రత్తగల తల్లైనా, ఇద్దరి మధ్య దుబాసీగా పిల్లవాడే ఉంటే పని జరగదు. దీన్ని మార్చడానికి పథకం అక్కర్లేదు. ప్రతి బడిలోనూ తెలుగొచ్చిన మనిషి ఎవరో ఒకరుంటారు. వంటావిడ కావచ్చు, అటెండరు కావచ్చు, పక్క తరగతి టీచరు కావచ్చు. విద్యాహక్కు చట్టం కింద ఏర్పడే బడి యాజమాన్య సంఘంలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. రెండు భాషలు వచ్చిన తల్లి ఒకామె అందులో ఉంటే చాలు. ఒడిశా అంతా అల్లుకున్న మిషన్ శక్తి మహిళా సంఘాల్లో అలాంటి ఆడవాళ్ళు ఊరికొకరైనా ఉంటారు. అయితే ఒక జాగ్రత్త ఉంది. దుబాసీగా కూర్చున్నామెకి విన్నది ఊరంతా చెప్పే అలవాటుంటే తల్లి రెండోసారి రాదు. అందుకే ఎవరు కావాలో తల్లినే అడగాలి.

సమావేశాలు కూడా ఆఫీసు వేళల్లో పెడితే కూలి పోతుంది కాబట్టి ఎవరూ రారు. సంత రోజు సాయంత్రం పెడితే వస్తారు, ఎలాగూ పట్నానికి వచ్చే ఉంటారు. వాట్సాప్‌లో ఒడియా నోటీసు పంపితే దాన్ని చదివి చెప్పేది మళ్ళీ కొడుకే. అదే తెలుగొచ్చిన టీచరు గొంతుతో అర నిమిషం వాయిస్ మెసేజ్ పంపితే తల్లి చెవికి నేరుగా చేరుతుంది: "అమ్మా, మీ వాడు ఈ వారం మూడు రోజులు రాలేదు. ఒంట్లో బాగోలేదా? తీరిక చూసుకుని ఒకసారి ఫోన్ చేయండి." ఇందులో మత్తు మాట లేదు, నింద లేదు. తల్లి ఫోన్ చేస్తుంది. చేసినప్పుడు మాస్టారు మొదట అడగవలసింది పిల్లవాడు ఇప్పుడు పక్కన ఉన్నాడా అని. ఉంటే, కాసేపాగి అతను సైకిలేసుకుని బయటికి వెళ్ళాక మళ్ళీ చేయమనాలి.